చిటికె పక్క సీటు

తెల్లారగానే బస్సు తుడవడం స్టీరింగయ్య అలవాటు. తుడవడమంటే మీరూ నేనూ తుడిచినట్టు కాదు. ఆయన తుడిచిన అద్దంలో చూసుకుని ఊళ్ళో సగంమంది మగవాళ్ళు గడ్డం గీసుకునేవాళ్ళు. ఆ అద్దం మీద వాలిన ఈగ కాలు జారి పడితే, పాపమని ఆయనే వేలితో లేపి నిలబెట్టేవాడు. బడి బస్సు నడపడంలో ఆయనకు సాటి రాగలవాడు ఆ రోజుల్లో లేడు, ఆ తర్వాత పుట్టలేదు. పుట్టే వీలు కూడా లేదు. ఎందుకంటే ఆ ఊళ్ళో అసలు జనం పుట్టడమే మానేశారు.

ఒకప్పుడు ఆ బస్సు పొడుగు చూసి తీరాలి. ముందు చక్రాలు బడి గేటు దాటి గంట కింద ఆగితే, వెనక చక్రాలు ఇంకా రొట్టెల కొట్టు మలుపు తిరుగుతూ ఉండేవి. వెనక వరసలో పిల్లాడు తుమ్మితే ఆ కబురు ముందు వరసకు మధ్యాహ్నానికి గానీ అందేది కాదు. అంత బండిని స్టీరింగయ్య ఒంటిచేత్తో, రెండో చేతిలో టీ గ్లాసు పట్టుకుని, చుక్క తొణక్కుండా, సూదిలో దారం ఎక్కించినట్టు సందుల్లోంచి లాగేవాడు. ఒకసారి ఎదురుగా లారీ వస్తే, ఆయన ఒక్క చూపు చూశాడట. లారీయే సిగ్గుపడి వెనక్కి పోయింది.

ఊళ్ళో ఎంతమంది పిల్లలుంటే బస్సులో అన్ని సీట్లు. ఎవరూ తెచ్చి బిగించక్కర్లేదు. ఎవరి కడుపునైనా నలుసు పడితే, ఆ వారంలోనే డ్రైవరు వెనక వరసలో ఒక సీటు వెలిసేది, కొత్త రెగ్జిను వాసన వేస్తూ. ఆ బిడ్డ పుట్టి, పాకి, నడిచి, ముక్కు చీదుకోవడం నేర్చుకుని బడికి వచ్చేదాకా ఆ సీటు ఖాళీగా ఎదురుచూసేది. పిల్లలు పెరిగేకొద్దీ వరసలు వెనక్కి జరిగేవి. చిన్నబడి ముగించి పక్క ఊరి పెద్దబడికి వెళ్ళిపోయినవాళ్ళ వరస తోక వైపు నుంచి రాలిపోయేది. ఇందులో వింతపడాల్సింది ఉందని ఎవరూ అనుకోలేదు. రవాణా ఆఫీసువాళ్ళు ఏటా టేపు పట్టుకుని వచ్చి, బండి పొడుగు కొలిచి, పన్ను సవరించి, టీ తాగి పోయేవాళ్ళు.

అయితే ఒక ఏడు, బళ్ళు తెరిచిన రోజున, స్టీరింగయ్య అద్దంలో వెనక్కి చూస్తే ప్రతి సీటులోనూ ఒక తలకాయ ఉంది. ఒక్క ఖాళీ లేదు. ఇన్నేళ్ళ సర్వీసులో బండి ఎప్పుడూ అలా నిండలేదు. ఆయన ఛాతీ ఉబ్బిపోయి చొక్కా బొత్తాం తెగి అద్దానికి తగిలింది. "నా బండిలో గాలి దూరడానికి కూడా చోటు లేదు, చూసుకోండి!" అని హారన్ కొట్టుకుంటూ ఊరంతా తిప్పాడు. రొట్టెలాయన పిల్లలందరికీ తలా ఒక తియ్యరొట్టె పంచాడు. పెద్ద పంతులమ్మ బడి గోడలకు సున్నం వేయించింది. ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది.

ఖాళీ సీట్లంటే ఇంకా ఊయల్లో ఉన్నవాళ్ళవని, అవి లేవంటే వెనకాల వచ్చేవాళ్ళు లేరని, ఆ రోజున ఒక్కరికీ తట్టలేదు. అంత తెలివైన ఊరు!

మరుసటి ఏడు తోక నుంచి ఒక వరస రాలింది. ముందు కొత్త వరస రాలేదు. ఆ పై ఏడూ అంతే. ఎవరినని అడుగుతారు? రొట్టెలాయన తల్లికి తొమ్మిదిమంది. ఆ ఇంటివాళ్ళకే ఒకటిన్నర వరస పట్టేది. రొట్టెలాయనకు ఇద్దరు. ఆ ఇద్దరిలో కొడుకు పెళ్ళే వద్దన్నాడు, కూతురు పెళ్ళి చేసుకుని పిల్లి చాలంది. మందుల షాపు దంపతులు ముందు ఇల్లు అన్నారు. ఇల్లయ్యేసరికి మోకాళ్ళ నొప్పులొచ్చాయి. కొందరు కావాలనుకున్నారు, కలగలేదు. కొందరు వద్దనుకున్నారు, అదీ వాళ్ళ ఇష్టమే. ఎవరి కారణం వాళ్ళకు నిండుగా ఉంది. బస్సు మాత్రం ఏటేటా కుదించుకుపోయి, చివరికి నాలుగు చక్రాల మీద పెట్టిన బీరువాలా మిగిలింది. డ్రైవరు సీటు, దాని వెనకే ఇంకొక్క సీటు.

ఆ ఒక్క సీటులో కూర్చునేది చిటికె. పిల్ల చిటికెన వేలంత, నోరు మాత్రం ఊరంత. ఊళ్ళో ఆఖరి పిల్ల కాబట్టి ఆమె తుమ్మితే నాలుగు వీధుల్లో కిటికీలు తెరుచుకునేవి.

"తాతా, నేను పెద్దబడికి పోతే నువ్వు ఎవర్ని తిప్పుతావు?"

"ఎవర్నీ తిప్పను. పడుకుంటాను. నీ గోల వినీ వినీ నా చెవులు ఎప్పుడో రిటైరయ్యాయి."

"అబద్ధం. నువ్వు ఏడుస్తావు."

"నేనా! నేను ఏడిస్తే వరదలొస్తాయే. ఊరు కొట్టుకుపోతుందని ఆపుకుంటున్నాను."

నిజానికి ఆయన దిగులు చిటికె గురించి కాదు. ఆయనకు ఒక్కతే కూతురు, లాండ్రీలో ఇస్త్రీ యంత్రం మీద పని. అల్లుడు లిఫ్టులు బాగుచేస్తాడు. పెళ్ళయి చాలా కాలమైంది. ఆసుపత్రులు తిరిగారు, సూదులు పొడిపించుకున్నారు, ఉన్న నగలు ఊడ్చుకున్నారు. భార్య పోయినప్పటి నుంచి స్టీరింగయ్య ప్రతి ఉదయం బస్సు తుడిచే వంకతో డ్రైవరు సీటు వెనక్కి తొంగి చూసేవాడు. కూతురికి ఆ సంగతి తెలుసు. తెలిసినట్టు ఎప్పుడూ అనలేదు.

ఒక ఉదయం తొంగి చూస్తే, చిటికె సీటు పక్కన రెండో సీటు ఉంది.

చిన్నది, ఎర్రది, రెగ్జిను మీద ఒక్క గీత లేదు. స్టీరింగయ్య చేతిలో తడిగుడ్డ పట్టుకుని నిలబడిపోయాడు. గుడ్డలోంచి నీళ్ళు కారి చెప్పులు నిండాయి. కొండలాంటి లారీని కంటిచూపుతో నెట్టినవాడు ఆ సీటును ముట్టుకోవడానికి భయపడ్డాడు.

ఆ రోజు ఆయన బండి నడిపిన తీరు చూసి తాబేళ్ళు హారన్ కొట్టాయి. బస్సు కాస్త పొడుగైందని ఊరంతా క్షణంలో కనిపెట్టింది. ఎవరు, ఎవరు అని గుసగుసలు. పెళ్ళయిన ప్రతి ఆడదాని నడక వైపూ చూపులు. మధ్యాహ్నం, బస్సు షెడ్డులో అన్నం డబ్బా విప్పుకుని కూర్చుంటే కూతురు వచ్చింది. లాండ్రీ ఆవిరికి తడిసిన జుట్టు నుదుటికి అంటుకుని ఉంది.

"నాన్నా."

"ఊఁ."

"చూశావా?"

"ఏం చూడాలి? నేనేమీ చూడలేదు. నాకు చత్వారం."

ఆమె నవ్వబోయి ఏడ్చింది. ఏడ్వబోయి నవ్వింది. "నాదే నాన్నా. పొద్దున పరీక్ష చేసుకున్నాను. ఎవరికీ చెప్పకు."

"నేనెవరికి చెప్తాను అమ్మడూ? బస్సే చెప్పేసింది."

రెండు రోజుల్లో ఊరికి అర్థమైపోయింది. ఆ తర్వాత చూడాలి వేడుక. ఎన్నేళ్ళుగానో అర్జీలు పెట్టినా పూడని గుంటలు ఒక్క పూటలో పూడిపోయాయి, బస్సు కుదుపుతుందేమోనని. పెద్ద పంతులమ్మ మూసేసిన తరగతి గది తెరిపించి బూజు దులిపించింది. చిటికె పెద్దబడికి పోగానే బడి ఎత్తేస్తామని పైవాళ్ళు అప్పటికే కబురు పెట్టారు. వెనకాల ఇంకొక్క పిల్ల వస్తుందంటే బడి నిలుస్తుందని ఆమె ఆశ. లాండ్రీలో తోటివాళ్ళు ఇస్త్రీ యంత్రం దగ్గరికి రానివ్వకుండా స్టీరింగయ్య కూతురిని కుర్చీలో కూర్చోబెట్టి గుడ్డలు మడతపెట్టే పని ఇచ్చారు. దారిన పోయేవాళ్ళు బస్సు ఆపి మరీ ఎర్ర సీటును వేలితో తాకి పోయేవాళ్ళు. రొట్టెలాయన అయితే రోజూ రెండు రొట్టెలు పంపేవాడు, ఒకటి ఆమెకు, ఒకటి లోపలివాళ్ళకు.

"ఒకటే తింటాను బాబాయ్, రెండోది మీరు తినండి" అని ఆమె అంటే,

"అయ్యో, నువ్వు వద్దనడానికి అది నీ రొట్టెనా ఏంటి? వాళ్ళు అడిగితే నేనేం సమాధానం చెప్పాలి!" అనేవాడు.

ఒక సాయంత్రం ఆమె తండ్రి పక్కన మెట్టు మీద కూర్చుని, "ఊరంతా కలిసొచ్చి నా కడుపులో కూర్చున్నారు నాన్నా" అంది. "లేవమని చెప్పలేను. ఊపిరాడటం లేదు."

"నేను వెళ్ళి ఒక్క హారన్ కొడతాను, అందరూ దిగిపోతారు."

"వద్దులే. ఉండనీ." చెంగు వేలికి చుట్టుకుంటూ, "నాకు కూడా బాగానే ఉంది" అంది మెల్లగా, ఎవరికైనా వినపడితే లాక్కుపోతారేమో అన్నట్టు.

చిటికె మాత్రం ఆ సీటుకు అప్పుడే పాఠాలు మొదలుపెట్టింది. "ఇదిగో, ఈ మలుపు దగ్గర గట్టిగా పట్టుకోవాలి. తాత బాగా తోలతానంటాడు గానీ, అంత సీను లేదు" అని దానికి చెబుతుంటే స్టీరింగయ్య వినీ విననట్టు ఊరుకునేవాడు. ఆయన చరిత్రలో తన డ్రైవింగును తిట్టినవాళ్ళను వదిలిపెట్టడం అదే మొదలు.

రెండో నెల నిండుతోంది. ఆ ఉదయం స్టీరింగయ్య బస్సు తుడిచాడు, సీటు చూసుకున్నాడు, ఉంది. చిటికె వాళ్ళ సందులోకి వచ్చి ఆగాడు. పిల్ల సంచీ ఊపుకుంటూ ఎక్కి, కూర్చోకుండా నిలబడిపోయింది.

"తాతా, పాప సీటేదీ?"

ఆయన అద్దంలో చూడలేదు. తిరిగి చూశాడు. చిటికె సీటు, దాని పక్కన కిటికీ. మధ్యలో ఏమీ లేదు. సీటు ఊడిన గుర్తు కూడా లేదు. బస్సు మళ్ళీ బీరువా అయిపోయింది.

"తాతా?"

"కూర్చో అమ్మా."

"బడికి ఇటు కాదుగా?"

"తెలుసు. కూర్చో."

లాండ్రీకి కాస్త ఇవతలే బండి ఆపాడు. కిటికీలోంచి లోపల కనిపిస్తోంది. కూతురు కుర్చీలో కూర్చుని దుప్పట్లు మడతపెడుతూ ఏదో చెబుతోంది. తోటివాళ్ళు విరగబడి నవ్వుతున్నారు. ఆమె ఒక చేత్తో కుడి భుజం నొక్కుకుంటూనే నవ్వుతోంది. ఆమె అలా నవ్వి ఎంత కాలమైందో ఆయన గుర్తు తెచ్చుకోబోయాడు. దొరకలేదు.

తిరిగి వెళ్ళిపోదామనుకున్నాడు. ఆమెకు ఇంకా తెలియదు. ఊరికి ఇంకా తెలియదు. సాయంత్రం దాకా బస్సును షెడ్డులో పెట్టి తలుపు వేసుకుంటే, సాయంత్రం దాకా ఆమె అమ్మే. ఒక్క పూట. ఆ మాత్రం ఇవ్వలేని తండ్రి తండ్రేనా? గేరు మీద చెయ్యి వేశాడు. చెయ్యి కదల్లేదు. ఎందుకు కదల్లేదో ఆయన ఎప్పటికీ చెప్పలేకపోయాడు. భార్య ఉంటే ఏం చేసేదో అదే చెయ్యాలనిపించింది. భార్య ఎప్పుడూ పిల్ల దగ్గరికి పరిగెత్తేది, ముందు పరిగెత్తి తర్వాత ఆలోచించేది.

లోపలికి వెళ్ళాడు.

"ఏంటి నాన్నా, బడివేళ ఇటొచ్చావు?"

"బస్సెక్కు అమ్మడూ. ఆసుపత్రికి పోదాం."

"ఎందుకు? నాకేం? రాత్రి తప్పుగా పడుకున్నాను, భుజం లాగుతోంది, అంతే. దానికి ఆసుపత్రేంటి?" అంటూ ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

చాలాసేపు చూసింది. తోటివాళ్ళు కూడా చూశారు. ఒకామె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"కొంచెం దూరంగా ఆపావు కదా నాన్నా" అంది కూతురు. "అందుకే పొట్టిగా కనిపిస్తోంది."

"అవునమ్మా. రా. దగ్గరికెళ్ళి చూద్దువు గాని."

ఆమె మడతపెడుతున్న దుప్పటిని మొత్తం మడతపెట్టి, దొంతర మీద పెట్టి, అంచులు సరిచేసి లేచింది. నాలుగడుగులు వేసేసరికి మొహం సున్నంలా అయిపోయింది. బస్సులో ఉన్నది ఒక్క సీటే. చిటికె ఎవరూ చెప్పకుండానే లేచి, సంచీ గుండెకు హత్తుకుని, మెట్టు మీద ముడుచుకుని కూర్చుంది. అంత నోరున్న పిల్ల దారి పొడవునా ఒక్క మాట మాట్లాడలేదు.

స్టీరింగయ్య ఆ రోజు బండి ఎలా నడిపాడో చూసినవాళ్ళు ఉన్నారు. సంతలో జనం నీళ్ళలా విడిపోయారని, ఆ బస్సు రోడ్డుకు తగలకుండానే పోయిందని వాళ్ళు చెబుతారు. టీ గ్లాసు గురించి వెయ్యిసార్లు, లారీ గురించి లక్షసార్లు చెప్పుకున్న మనిషి ఆ ఒక్క ప్రయాణం గురించి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

డాక్టరమ్మ ఆపరేషన్ గదిలోంచి బయటికి వచ్చేసరికి అల్లుడు కూడా చేరుకున్నాడు, చేతులకు లిఫ్టు గ్రీజుతోనే.

"బిడ్డ ఉండాల్సిన చోట లేదండీ. గర్భసంచి పక్క గొట్టంలో పెరిగింది. అది పగిలి లోపలే రక్తం పోయింది. భుజానికి నొప్పి పాకేది అందుకే" అంది డాక్టరమ్మ. "అమ్మాయికి ప్రమాదం తప్పింది. కానీ రెండో గొట్టం కూడా పాడైపోయి ఉంది. ఇక మీదట..." అని అల్లుడి వైపు చూసి ఆగింది. తర్వాత ముసలాయన వైపు తిరిగింది. "ఆమె నడుస్తుండగానే తెచ్చారు. ఇలాంటి కేసుల్లో మనిషి పడిపోయాక గానీ తీసుకురారు. మీకెలా తెలిసింది?"

"సీటు పోయిందండీ."

"ఓ, బడి బస్సా" అంది డాక్టరమ్మ. తల ఊపి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మంచిపని చేశారు. ఇంకో గంట ఆగి ఉంటే ఆమె కూడా మనకు దక్కేది కాదు."

కూతురికి మెలకువ వచ్చాక మొదట కప్పు చూసింది, తర్వాత భర్తను, ఆఖరున తండ్రిని.

"లేదు కదూ?"

అల్లుడు ఆమె దుప్పటి సర్దాడు.

"నాకంటే ముందు నీకు తెలిసింది."

"ఊఁ."

"నేను నవ్వుతున్నాను నాన్నా. నువ్వు వచ్చినప్పుడు నేను నవ్వుతున్నాను, చూశావు కదా." ఆమె గొంతు పీలగా ఉంది, కోపానికి కూడా బలం చాలడం లేదు. "ఒక్క గంట ఆగి చెప్పకూడదా? నీ సొమ్మేం పోయేది? ఇంకో గంట నేను అమ్మనై ఉండేదాన్ని."

అల్లుడు నోరు తెరిచాడు. "అది కాదు, డాక్టరమ్మ ఏమందంటే..."

స్టీరింగయ్య అతని గ్రీజు చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. అల్లుడు ఆపేశాడు. జీవితమంతా ఉన్నది పదింతలు చేసి చెప్పుకున్న మనిషి, ఉన్నంత కూడా చెప్పుకోలేదు.

"తప్పయిపోయింది అమ్మడూ" అన్నాడు.

ఆమె గోడ వైపు తిరిగింది.

ఊరు ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది, తిరిగి తిట్టడానికి ఒకళ్ళు దొరికేవాళ్ళు. లాండ్రీలో కుర్చీ ఎవరూ తియ్యలేదు, ఆమే దాన్ని మూలకు జరిపి ఇస్త్రీ యంత్రం దగ్గరికి వెళ్ళింది. రొట్టెలాయన ఒక వారం ఏం పంపాలో తెలియక ఏమీ పంపలేదు. తర్వాత ఒక్క రొట్టె పంపి, దాన్ని ఇంత పెద్దదిగా ఎందుకు చేశాడో తనకే తెలియదన్నాడు. బడి ఆ ఏడుతో సరి అని ఖాయమైంది. పెద్ద పంతులమ్మ పిల్లల బెంచీలు అమ్ముదామని చూస్తే, అంత చిన్న బెంచీలు ఎవరికి కావాలి?

కూతురు తండ్రి ఇంటికి రావడం మానేసింది. దారిలో బస్సు ఎదురైతే తల తిప్పుకునేది. స్టీరింగయ్య హారన్ మీద చెయ్యి పెట్టి తీసేవాడు. వానాకాలం అలాగే గడిచింది, చలికాలం అలాగే వచ్చింది.

ఒక ఉదయం ఆయన బస్సు అద్దం తుడుస్తుంటే, అవతలి వైపు నుంచి ఇంకో గుడ్డ తిరుగుతోంది. అద్దంలోంచి కూతురి మొహం కనిపించింది. ఇద్దరూ ఒకే అద్దాన్ని చెరో పక్కా తుడిచారు, మధ్యలో మరక ఎవరి వైపుందో తేలక.

"ఆయన చెప్పాడు" అంది ఆమె చివరికి. "ఆ గంట సంగతి."

"వాడి నోట్లో గ్రీజు కొట్టా! చెప్పొద్దన్నానా లేదా?"

"తిట్టకు. ఇన్నాళ్ళు ఆపుకున్నాడు, పాపం. నిన్న నేను నిన్ను ఏదో అంటే తట్టుకోలేక చెప్పేశాడు." ఆమె గుడ్డ పిండింది. నీళ్ళు నేల మీద పడ్డాయి. "నువ్వెందుకు చెప్పలేదు?"

ఏదైనా గొప్ప చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి సమయం ఆయన బతుకులో రాలేదు.

"నీకు ఎవరో ఒకరి మీద కోపం ఉండాలి కదమ్మా" అన్నాడు. "ఖాళీగా ఉన్నది నేనే."

ఆమె బస్సు దిగి ఇవతలికి వచ్చింది. ఆయన భుజానికి నుదురు ఆనించింది.

"అంతా తెలిశాక కూడా, నాకు ఇంకా ఆ గంట కావాలనే ఉంది నాన్నా."

"తెలుసు తల్లీ."

"బతికినందుకు సంతోషంగా లేనని కాదు."

"తెలుసు."

బడివేళ దాటిపోతోంది. ఆయన ఎక్కి బండి స్టార్టు చేశాడు. వెనకాల ఆమె కూడా ఎక్కి ఆ ఒక్క సీటులో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుంది. లాండ్రీ దగ్గర దించమని అడగలేదు. ఆయనా ఆపలేదు.

సందు మొదట్లో చిటికె సంచీ ఊపుకుంటూ నిలబడి ఉంది. "ఇంత లేటా తాతా! పంతులమ్మ నన్ను తిడితే నువ్వొస్తావా?" అని అరుస్తూ ఎక్కబోయి, లోపల మనిషిని చూసి మెట్టు మీదే ఆగిపోయింది.

"రా" అంది కూతురు.

లేచి, పిల్లకు సీటిచ్చి, పైకమ్మీ పట్టుకుని నిలబడింది.